రిపోర్టులన్నీ నార్మలే, మరి ఈ దడేమిటి తాతయ్యా?

ఈసీజీ తీశారు, నార్మల్. టూడీ ఎకో చేశారు, నార్మల్. ట్రెడ్‌మిల్ మీద రొప్పు వచ్చేదాకా నడిపించారు, అదీ నార్మలే. "నీ గుండెకేం కాలేదమ్మా, బెంగపెట్టుకోకు" అని డాక్టరుగారు నవ్వుతూ పంపించేశారు. ఇంటికొచ్చి మంచం మీద నడుం వాలిస్తే మళ్ళీ అదే దడ, ఎడమ పక్కన మళ్ళీ అదే కలుక్కు. "ఇంతకీ నాకు జబ్బున్నట్టా, లేనట్టా తాతయ్యా?" అంటూ మా మనవరాలు రిపోర్టుల ఫైలు తెచ్చి నా ఒళ్ళో పడేసింది.

నేను డాక్టర్ని కాను. కాలేజీలో జువాలజీ చెప్పి రిటైరైన మేష్టార్ని. మందులు రాయడం నా పని కాదు గానీ, ఆ కాగితాల్లో ఏముందో, ఏం లేదో విప్పి చెప్పగలను. మీరూ ఓ కుర్చీ లాక్కుని కూచోండి. ఇలాంటి ఫైళ్ళు ఈ రోజుల్లో చాలా ఇళ్ళల్లో ఉన్నాయి.

అమ్మలూ, ముందు ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకో. ఏ పరీక్షయినా తనని అడిగినదానికే జవాబు చెబుతుంది. నీ ఫైల్లో మూడు పరీక్షలున్నాయి. అంటే మూడు ప్రశ్నలకే జవాబులున్నాయి.

ఆ గులాబీ రంగు గళ్ళ కాగితం ఇలా ఇయ్యి. ఇది ఈసీజీ. గుండెలో పుట్టే కరెంటు ఏ దారిన ఎంత వేగంగా పోతోందో గీసి చూపిస్తుంది. ఒక్కో చిన్న గడి ఒక మిల్లీమీటరు. కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంది. అడుగున ఈ చివర నుంచి ఆ చివరిదాకా పొడుగాటి గీత ఉంది చూశావా, దాన్ని స్కేలుతో కొలువు. ఇరవయ్యైదు సెంటీమీటర్లా? అయితే అది పది సెకన్ల కథ. రోజుకి 86,400 సెకన్లు. అందులో 8,640వ వంతు చూసి ఇచ్చిన తీర్పు ఇది. నీకు దడ వచ్చేదేమో వారానికి రెండుసార్లు, అదీ రాత్రి పదకొండు దాటాక.

మన వీధిలో రోజూ సాయంత్రం రెండు నిమిషాలు కరెంటు పోయి వస్తుంది కదా. లైన్‌మన్ మర్నాడు పొద్దున్న పదకొండింటికి వచ్చి, స్తంభం ఎక్కి దిగి, "కరెంటు ఉందిగా మేష్టారూ!" అంటాడు. అతను చెప్పిందీ నిజమే, మన ఇంట్లో ఫ్యాను ఆగిందీ నిజమే. నీ ఈసీజీ సంగతీ అంతే.

రెండోది ఎకో. ధ్వని తరంగాలతో గుండె గోడల మందం, కవాటాల కదలిక, పంపు బలం చూస్తారు. ఇక్కడ ఈఎఫ్ 62 శాతం అని రాశారు. ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో నొక్కుకి అంత శాతం బయటికి పోతోందన్నమాట. ఇంచుమించు 55కీ 70కీ మధ్య ఉంటే పంపు బాగున్నట్టే. మూడోది ట్రెడ్‌మిల్. మూడేసి నిమిషాలకోసారి వాలూ వేగమూ పెంచుతూ, శ్రమపడేటప్పుడు గుండె కండరానికి రక్తం చాలుతోందా లేదా అని చూస్తారు.

ఈ మూడూ ప్రాణం మీదికి తెచ్చే జబ్బుల్ని వెతికే పరీక్షలు. అవేవీ కనబడలేదు కాబట్టే డాక్టరుగారు నవ్వారు. అది చిన్న సంగతేం కాదు, ముందు దానికి సంతోషించు. "నాకు దడ ఎందుకొస్తోంది?" అన్న నీ ప్రశ్న మాత్రం ఇంకా ఎవరూ అడగలేదు. ఇప్పుడు అడుగుదాం.

మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు రెండు వేళ్ళు ఆనించు. టక్, టక్, టక్. నిమిషానికి 72 చొప్పున వేసుకున్నా రోజుకి లక్షా మూడువేల చిల్లర. ఇన్ని దెబ్బలకీ తాళం వేసేది కుడి కర్ణిక పైభాగంలో ఉన్న చిన్న కణాల ముద్ద. దాన్ని మొదట చూసింది ఇంగ్లండులో ఓ వైద్య విద్యార్థి, మార్టిన్ ఫ్లాక్. 1906 వేసవిలో, గురువు ఆర్థర్ కీత్ సైకిలెక్కి షికారుకెళ్ళిన పూట, మట్టిలో సొరంగాలు తవ్వుకునే మోల్ అనే చిన్న జంతువు గుండెని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తుంటే కంటపడింది. 1907లో ఇద్దరూ కలిసి లోకానికి చెప్పారు. ఈ ముచ్చట నేను క్లాసులో చెప్పినప్పుడల్లా వెనక బెంచీ వాళ్ళు కూడా నిద్ర లేచేవారు.

తాళం వేసేది అదే అయినా, గుండెలో కరెంటు పుట్టించే శక్తి మిగతా కణాలకీ కాస్తో కూస్తో ఉంది. అప్పుడప్పుడు ఎక్కడో ఒక కణం తన వంతు రాకుండానే తొందరపడుతుంది. గుండె ముందే నొక్కుకుంటుంది. అప్పటికి గది పూర్తిగా నిండలేదు కాబట్టి ఆ దెబ్బ బలహీనం, ఒక్కోసారి మణికట్టు దాకా రాదు. ఆ తరవాత గుండె మామూలుకన్నా కాస్త ఎక్కువసేపు ఆగుతుంది. ఆ ఆగిన క్షణంలో గది బాగా నిండుతుంది. ఎంత నిండితే అంత గట్టిగా నొక్కడం గుండె కండరం స్వభావం. దాంతో తరవాతి దెబ్బ "ధబ్" మని పడుతుంది. "గుండె ఓ దెబ్బ మర్చిపోయి, మళ్ళీ గుర్తొచ్చి గట్టిగా కొట్టింది తాతయ్యా" అన్నావే, అదిదే. నిజానికి మర్చిపోలేదు, ముందే కొట్టేసింది. నీకు తెలిసింది ఆ విరామమూ, దాని తరవాతి పెద్ద దెబ్బానూ.

వీటిని ఎక్టోపిక్ బీట్స్ అంటారు. గుండె ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి 24 గంటలు యంత్రం తగిలించి చూసినా చాలామందిలో కొన్ని కనబడతాయి. ఎక్కువమందికి వచ్చినట్టే తెలియదు. రాత్రి ఇల్లు సద్దుమణిగాక, ఎడమ పక్కకి తిరిగి పడుకున్నప్పుడు తెలుస్తుంది. అలా పడుకుంటే గుండె ఛాతీ గోడకి దగ్గరగా వస్తుంది, పైగా వినడానికి వేరే చప్పుడుండదు. అందుకే నీ దడకి రాత్రి పదకొండంటే అంత ఇష్టం.

"మరి నొప్పో?" అంది మనవరాలు. చెబుతా. ఛాతీలో గుండె ఒక్కత్తే కాపురం ఉండడం లేదు. దాని వెనకే అన్నవాహిక, చుట్టూ ఊపిరితిత్తులు, ముందు పక్కటెముకలు, వాటిని రొమ్ము ఎముకకి కలిపే మృదులాస్థి, పైన కండరాలు. గుండె నుంచీ అన్నవాహిక నుంచీ నొప్పి కబురు మోసుకొచ్చే నరాలు వెన్నుపాములో ఇంచుమించు ఒకే చోటికి చేరతాయి. కబురు అందుకున్న మెదడుకి అది ఏ ఇంటి నుంచి వచ్చిందో కచ్చితంగా తెలియదు. అందుకే పుల్లటి ఆమ్లం పైకి ఎగదన్నినా గుండె నొప్పిలాగే ఉంటుంది. రాత్రి పొద్దుపోయాక బిర్యానీ తిని వెంటనే పక్కెక్కేవాళ్ళకి ఇది బాగా అనుభవం.

రొమ్ము ఎముక అంచున వేలితో నొక్కితే "అబ్బా, అక్కడే!" అని అరిచావనుకో, పక్కటెముకల అతుకుల దగ్గర వాపో నొప్పో ఉండొచ్చు. ఊపిరి పీల్చబోతే ఎడమ రొమ్ము కింద సూది గుచ్చినట్టయి, అరనిమిషమో రెండు నిమిషాలో ఉండి మాయమయ్యే కలుక్కు ఇంకొకటుంది. ఎదిగే పిల్లల్లో, కుర్రవాళ్ళలో ఎక్కువ. కూచున్నవాళ్ళకి, వంగి ఉన్నవాళ్ళకి వస్తుంది. 1955లో మిల్లర్, టెక్సిడార్ అనే ఇద్దరు డాక్టర్లు దీన్ని వర్ణించి పేరు పెట్టారు. దీనివల్ల ప్రమాదం లేదు. నిటారుగా కూచుని నెమ్మదిగా ఊపిరి తీసుకుంటే సర్దుకుంటుంది. లాప్‌టాప్ మీదికి ఒరిగి పన్నెండు గంటలు పనిచేసే నీ వెన్నెముకని అడుగు, ఈ కథలు ఇంకా చెబుతుంది.

సరే, ఇప్పుడు నేనో ప్రశ్న అడుగుతా. ఇంత లావు ఫైల్లో హిమోగ్లోబిన్ కాగితం ఏది? థైరాయిడ్ రిపోర్టు ఏది? రక్తంలో ఆక్సిజన్ మోసేది హిమోగ్లోబిన్. అది తగ్గితే గుండె పాపం ఎక్కువసార్లు కొట్టి లోటు పూడుస్తుంది. నాలుగు మెట్లెక్కితే దడ, ఆయాసం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. అలాంటి దేశంలో దడ అని వచ్చిన ఆడపిల్లకి మొదట్లోనే చెయ్యాల్సిన పరీక్షల్లో ఇదొకటి. థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేసినా అంతే: గుండె వేగం, చేతుల వణుకు, చెమటలు, తిన్నా ఒళ్ళు పట్టకపోవడం. థైరాయిడ్ తక్కువని మాత్ర వేసుకునేవాళ్ళకి మోతాదు ఎక్కువైనా ఇదే వరస. ఉబ్బసానికి పీల్చే కొన్ని మందులు, జలుబుకి వాడే కొన్ని మాత్రలు, సిగరెట్టు, ఎనర్జీ డ్రింకులు, విరేచనాలై ఒంట్లో నీరూ పొటాషియమూ తగ్గడం, జ్వరం, గర్భం, ముట్లుడిగే వయసు, ఇవన్నీ గుండెని పరిగెత్తించగలవు. కాఫీ మాటంటావా, అందరికీ దడ తెప్పిస్తుందని చెప్పలేం. నీకు పడుతోందో లేదో రెండు వారాలు మానేసి చూసుకో. మీ అమ్మమ్మ వినేలా అనకు, ఈ ఇంట్లో డికాషన్ దిగడం ఆగిపోతుంది.

ఇది నీతో మొదలైన కథ కూడా కాదు. 1861 నుంచి 1865 దాకా అమెరికాలో ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య యుద్ధం జరిగింది. ఫిలడెల్ఫియాలో టర్నర్స్ లేన్ అనే సైనిక ఆస్పత్రిలో జేకబ్ మెండెస్ డకోస్టా అనే డాక్టరు దగ్గరికి కుర్ర సిపాయిలు వరసగా వచ్చేవారు. గుండె దడ, ఛాతీలో పోటు, ఆయాసం, తల తిరగడం. చూడబోతే మనుషులు దుక్కల్లా ఉన్నారు. అప్పటికి ఈసీజీ యంత్రం పుట్టనేలేదు. డకోస్టాకి ఉన్నవల్లా స్టెతస్కోపు, తన చెవి, నాడి పట్టుకునే వేళ్ళు. ఎంత విన్నా గుండెలో లోపం దొరకలేదు. ఇంకో డాక్టరైతే యుద్ధానికి వెళ్ళలేక దొంగ వేషాలేస్తున్నారని రాసి పంపేసేవాడేమో. ఆయన అలా చెయ్యలేదు. మూడొందల మందికి పైగా సిపాయిల బాధల్ని ఓపిగ్గా నమోదు చేసి 1871లో పెద్ద వ్యాసం రాశాడు. వాళ్ళలో చాలామంది జ్వరమో విరేచనాలో పడి లేచి, ఒళ్ళు కోలుకోకముందే మళ్ళీ బరువులు మోస్తూ కవాతులు చేసినవాళ్ళు. దీనికి డకోస్టా సిండ్రోమ్ అనే పేరు నిలిచింది.

కారణం ఏమిటన్నదాని మీద ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పారు. ఆర్థర్ మయర్స్ అనే బ్రిటిష్ సైనిక వైద్యుడు 1870లోనే యూనిఫాం, పటకాలు ఛాతీని బిగించడమే కారణమన్నాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంలో ఇదే బాధతో మళ్ళీ వేలమంది ఆస్పత్రుల పాలయ్యారు. థామస్ లూయిస్ అనే హృద్రోగ నిపుణుడు వాళ్ళని పరీక్షించి, చాలామందిలో గుండె జబ్బు లేదని తేల్చాడు. నెలల తరబడి మంచం మీద పడుకోబెట్టే పద్ధతి మాన్పించి, రోజురోజుకీ కొంచెం కొంచెం పెంచే వ్యాయామం చేయించాడు. చాలామంది తేరుకున్నారు. 1941లో పాల్ వుడ్ అనే మరో డాక్టరు దీని వెనక ఉన్నది భయం, ఆందోళన అన్నాడు.

ఇప్పుడు మనకి తెలిసిన లెక్కలో ఇదంతా ఒకే జబ్బు కాకపోవచ్చు. జ్వరం పడి లేచాక నిలబడితే చాలు గుండె పరుగెత్తే స్థితి ఒకటుందని 1993 తరవాత వైద్యులు బాగా గుర్తుపట్టారు. కోవిడ్ వచ్చి తగ్గినవాళ్ళలోనూ కొందరికి ఇది కనబడింది. పది నిమిషాలు పడుకుని నాడి లెక్కపెట్టు. లేచి, గోడ దగ్గర నిలబడి, పది నిమిషాల లోపల మళ్ళీ లెక్కపెట్టు. బీపీ పడిపోకుండానే నాడి 30 లేక అంతకంటే ఎక్కువ పెరుగుతూ ఉంటే, కుర్రపిల్లల్లో అయితే 40, ఆ అంకెలు డాక్టరుకి చూపించాలి. పడుకోబెట్టి తీసిన ఈసీజీలో ఇది ఎలా కనబడుతుంది చెప్పు?

ఇక భయం సంగతి. దీన్ని "అంతా నీ భ్రమ" అనే మాటతో కలపకు. భయం వేస్తే అడ్రినలిన్ పారుతుంది, గుండె వేగం పెరుగుతుంది, అది యంత్రానికి కూడా దొరికే నిజమైన వేగం. తెలియకుండానే ఊపిరి వేగంగా తీస్తాం. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. పెదాలు, వేళ్ళు తిమ్మిరెక్కుతాయి, తల తేలిపోతుంది, ఛాతీ పట్టేస్తుంది. అవి చూసి ఇంకా భయం, ఇంకా దడ. ఓ ఎక్టోపిక్ బీటుతో మొదలైంది పది నిమిషాల్లో "పోతానేమో" అనేదాకా వస్తుంది. చేతికి ఆ వాచీ పెట్టుకుని నిమిషానికోసారి గుండె వేగం చూసుకుంటున్నావే, అది దీనికి ఎరువు. ఇలాంటప్పుడు ఊపిరి వదలడం తీసుకోవడంకన్నా నిదానంగా సాగితే దడ తగ్గుతుంది. ఇవి మాటిమాటికీ వస్తుంటే మానసిక వైద్యుణ్ణి కలవడానికి మొహమాటపడకూడదు. వాటికి మంచి వైద్యం ఉంది.

అలాగని ప్రతి దడనీ టెన్షన్ ఖాతాలో వేసేయడం కూడా తప్పే. గుండెలోపలి కరెంటు గుండ్రంగా తిరిగే దారి పట్టి, ఉన్నట్టుండి నాడి 150 దాటిపోయి, మళ్ళీ ఉన్నట్టుండి ఆగిపోయే ఎస్‌వీటీ అనే బాధ ఉంది. వచ్చినప్పుడు పట్టుకుంటే తప్ప ఈసీజీ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. ముఖ్యంగా ఆడవాళ్ళలో దీన్ని గాభరా అనుకుని ఏళ్ళు గడిపేసిన సందర్భాలు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పట్టుకుంటే చాలామందికి పూర్తిగా నయమవుతుంది. నొప్పి విషయంలోనూ ఇంతే. గుండె నాళాల్లోకి రంగు ఎక్కించి ఎక్స్‌రే తీసే యాంజియోలో పెద్ద నాళాలే కనబడతాయి. అర మిల్లీమీటరుకన్నా సన్నవి కనబడవు. ఆ సన్న నాళాలు సరిగ్గా విప్పారకపోయినా, పెద్ద నాళమే అర్ధరాత్రి కాసేపు బిగుసుకుని వదిలినా నొప్పి వస్తుంది, యాంజియో మాత్రం బాగుందంటుంది. రెండోదాన్ని 1959లో ప్రింజ్‌మెటల్ అనే అమెరికా వైద్యుడు వివరించాడు. కాబట్టి రిపోర్టు బాగున్నా బాధ మిగిలి ఉంటే మళ్ళీ అడగడం నీ హక్కు.

ఎలా అడగాలో చెబుతా. చిన్న నోట్‌బుక్కు పెట్టు. దడ వచ్చిన టైము, ఎంతసేపుంది, నాడి నిమిషానికెంత, మెల్లిగా మొదలైందా ఒక్కసారిగానా, అంతకుముందు ఏం తిన్నావు, ఏం చేస్తున్నావు, కళ్ళు తిరిగాయా, ఇవి రాయి. వారానికి రెండుసార్లే వచ్చే దడని 24 గంటలు ఒంటికి తగిలించి ఉంచే హోల్టర్ అనే ఈసీజీ యంత్రం కూడా పట్టలేకపోవచ్చు. ఇంకా ఎక్కువ రోజులు అంటించుకునేవి ఉన్నాయి, అడుగు. హోల్టర్ యంత్రాన్ని కనిపెట్టిన నార్మన్ హోల్టర్ మొదట చేసిన యంత్రం దాదాపు 38 కిలోలు, వీపున మోసుకు తిరగాలి. 1961లో ఆయన దాని గురించి వ్యాసం రాసేనాటికే బాగా చిన్నదైంది. ఇప్పుడది బిళ్ళంత. ఈసీజీ తీసే వాచీ ఉంటే దడ వచ్చినప్పుడే తీసిపెట్టు, ఊరికే కూచున్నప్పుడల్లా కాదు.

ఇంకో మాట, దీన్ని మాత్రం పెద్ద అక్షరాలతో రాసుకో. నడిస్తేనో మెట్లెక్కితేనో ఛాతీ పట్టేసి, ఆగితే తగ్గితే. నొప్పి దవడకో, ఎడమ చేతికో, వీపుకో పాకితే. చల్లటి చెమటలు, వాంతి, ఊపిరాడకపోవడం తోడైతే. దడతో పాటు స్పృహ తప్పితే. పరుగెడుతుండగా దడ వస్తే. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా పోయి ఉంటే, గ్యాస్ అని సోడా తాగి కూచోవద్దు. షుగరున్న పెద్దవాళ్ళకి పెద్దగా నొప్పి లేకుండా కూడా గుండెపోటు వస్తుంది. పోయిన నెల రిపోర్టు బాగుందని ఇవాళ్టి నొప్పికి పూచీ ఉండదు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో మొదలైన 108 బండి ఇలాంటి పూట కోసమే.

నీకు వాటిలో ఏవీ లేవు. మెట్లెక్కితే కాస్త ఆయాసం, మొహం పాలిపోయి ఉంది, రాత్రి పదకొండుకి దడ, పొద్దున్నుంచి నాలుగు కాఫీలు. నా అనుమానం ఎటు పోతోందో నీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది, కానీ అనుమానం మీద మాత్రలు మింగకూడదు. రేపు పొద్దున్న హిమోగ్లోబిన్‌కీ థైరాయిడ్‌కీ రక్తం ఇచ్చొద్దాం. ఈ రెండింటికీ పరగడుపున ఉండక్కర్లేదు, అమ్మమ్మ చేసిన పెసరట్టు తినే వెళ్ళొచ్చు.